మగ్గమెక్కని చుక్క

నక్షత్రాల మీద ఐదేళ్లు పరిశోధన చేశాను. ఆ ఐదేళ్లలో పని కట్టుకుని తలెత్తి ఆకాశం చూసిన గుర్తు ఒక్కటీ లేదు. రాత్రి తొమ్మిదయ్యేసరికి నాకు నిద్ర ముంచుకొచ్చేది. నా నక్షత్రాలన్నీ పగటిపూటవే. ఆదివారం పొద్దున ఉగ్గాని తిని, చేయి కడుక్కుని, ఎమ్మిగనూరులో మా ఇంటి ముందుగదిలో చాప మీద గళ్ల కాగితం పరిచి, బాగా చెక్కిన పెన్సిలుతో పెట్టిన చుక్కలవి.

డెబ్బైల చివరి సంగతి. మా పుట్టిల్లు ఆదోని. అక్కడే ఒక కాలేజీలో లెక్కలు చెప్పేదాన్ని. పెళ్లయ్యాక కాపురం ఎమ్మిగనూరుకు మారింది కానీ ఉద్యోగం మారలేదు. రోజూ పొద్దున బస్సులో ఆదోనికి, సాయంత్రం బస్సులో ఇంటికి. పత్తి సీజనులో బస్టాండు నుంచి కాలేజీకి నడిచేసరికి జిన్నింగు మిల్లుల నుంచి ఎగిరొచ్చిన దూది నా జడ నిండా ఉండేది. నేను బోర్డు వైపు తిరగ్గానే వెనక నవ్వులు వినపడేవి. ఏదో తప్పు రాశానేమోనని మొదట్లో భయపడి, రాసింది చెరిపి మళ్లీ అదే రాసేదాన్ని.

మా ఆయన ఎమ్మిగనూరులో ఒక హైస్కూల్లో తెలుగు పండితుడు. నన్ను పీహెచ్‌డీలోకి తోసింది ఆయనే. తోసి, తనకేమీ తెలియనట్టు అమరకోశం పట్టుకుని కూర్చున్నారు. రాత్రంతా రైలు ప్రయాణం చేస్తే వచ్చే ఊళ్లో ఒక యూనివర్సిటీ. అక్కడి ప్రొఫెసరు గారు నన్ను పార్ట్ టైం విద్యార్థిగా తీసుకున్నారు. ఆయన మాటలు బహు పొదుపు. మొదటిరోజు జరిగిన సంభాషణ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"గుండ్రటి గెలాక్సీలో నక్షత్రాలు ఎలా తిరుగుతాయో అందరూ లెక్క కట్టేశారు. నువ్వు గుండ్రంగా లేనిది తీసుకో."

"అంటే సార్?"

"దోసకాయ."

నేను నోట్సులో 'దోసకాయ' అని రాసుకున్నాను.

"ఆ దోసకాయ తన చుట్టూ తాను మెల్లగా తిరుగుతూ ఉంటుంది. దాంట్లో ఒక నక్షత్రాన్ని వదులు. ఎటు పోతుందో చూడు. చూశాక మధ్యలో ఒక బరువు పెట్టు. మళ్లీ చూడు."

"ఏం బరువు సార్?"

"బ్లాక్ హోల్."

"నిజంగా అక్కడ ఉంటుందా సార్?"

"ఉందో లేదో ఇంకా ఎవరూ గట్టిగా చెప్పలేదు. నువ్వు పెట్టు."

అంతే. మిగతాది నా చావు నేను చావాలి.

పని చెప్పడానికి తేలికే. నక్షత్రం ఇప్పుడెక్కడుందో, ఎటు ఎంత వేగంతో పోతోందో తెలిస్తే, చుట్టూ ఉన్న కోట్ల నక్షత్రాల బరువంతా కలిసి దాన్ని ఎటు లాగుతోందో లెక్క కట్టవచ్చు. ఆ లాగుడును బట్టి దాన్ని ఒక చిన్న అడుగు ముందుకు జరిపి, కాగితం మీద చుక్క పెట్టాలి. మళ్లీ అక్కడి నుంచి కొత్తగా లాగుడు లెక్క, మళ్లీ అడుగు, మళ్లీ చుక్క. గెలాక్సీయే తిరుగుతోంది కాబట్టి మనమూ దాంతోపాటు తిరుగుతూ చూస్తున్నట్టు లెక్క వేసుకోవాలి. అలా వేసుకుంటే, బస్సు మలుపు తిరిగినప్పుడు మనుషులు పక్కవాళ్ల మీద పడినట్టు, నక్షత్రాన్ని పక్కకు తోసే బలాలు కూడా వచ్చి చేరతాయి. ఒక్కో చుక్కకు నా చిన్న క్యాలిక్యులేటరు మీద పావుగంట. దాని అంకెలు ఎర్రగా వెలిగేవి. బ్యాటరీ అయిపోతున్నప్పుడు ఎనిమిదికీ మూడుకూ తేడా తెలిసేది కాదు.

మా అత్తమ్మది మంత్రాలయం వైపు. కొడుకు పెళ్లాం ఆదివారం పూట వంటింట్లోకి రాకుండా చాప మీద బోర్లా పడుకుని చుక్కలు పెట్టడం ఆమెకు మొదట వింతగానే ఉండింది.

"ఏం చేస్తాందిరా ఇది? ముగ్గు నేర్చుకుంటాందా?" అని అడిగింది మా ఆయన్ని.

ఆయన అమరకోశం మూసి, గొంతు సవరించుకుని, "కృష్ణబిలం అమ్మా! కృష్ణబిలం చుట్టూ నక్షత్రాలు ప్రదక్షిణం చేసే తీరును పరిశోధిస్తోంది" అన్నారు.

"కృష్ణునిదా?" అంది అత్తమ్మ.

"కృష్ణ అంటే నలుపు అని అర్థమమ్మా. బిలం అంటే..."

అర్థం చెప్పడం పూర్తికాకముందే ఆమె రెండు చేతులూ జోడించేసింది. ఆ రోజు నుంచి ఆదివారాలు నన్ను వంటింట్లోకి పిలవలేదు. ఎవరైనా నన్ను వెతుక్కుంటూ వస్తే గుమ్మంలోనే ఆపి, "కృష్ణుని పని చేసుకుంటాంది, ఇప్పుడు పిలవగూడదు" అని చెప్పి పంపేసేది. నేను దిద్దలేదు. పరిశోధనకు నాకు దొరికిన సాయం అదొక్కటే. దాన్ని దిద్దుకుని పోగొట్టుకునేంత సత్యసంధత నాకు లేదు.

మూడు నెలలకు గ్రాఫు కాగితాలు చాలకుండా పోయాయి. పిల్లల నోటుపుస్తకం సైజు కాగితం మీద నా నక్షత్రం రెండు మలుపులు తిరిగి అంచు దాటి చాప మీదికి పోయేది. కాగితాలు అతికిస్తే గళ్లు కలిసేవి కావు. ఆదోనిలో అడిగితే లేవన్నారు. అప్పుడు మా ఆయన, "మన వెనక వీధిలో డిజైన్ మేస్త్రి ఉన్నాడు కదా, ఆయన దగ్గర తలుపంత కాగితాలుంటాయి" అన్నారు.

ఎమ్మిగనూరంటే మగ్గాలు. మగ్గం మీద దుప్పటికో తువ్వాలకో పూలూ చిలకలూ రావాలంటే ముందు వాటిని పెద్ద గళ్ల కాగితం మీద గడిగడికీ గుర్తు పెట్టి గీయాలి. ఆ గళ్లను చూసి పొడుగాటి అట్టలకు రంధ్రాలు కొట్టాలి. గడుల ఒక్కో వరసకు ఒక్కో అట్ట. అట్టలన్నీ తాడుతో వరసగా కుట్టి, చివరి అట్టను మొదటి అట్టకు కలిపి, మగ్గం పైన ఉండే జకార్డు అనే యంత్రానికి తగిలిస్తారు. అట్టల దండ తిరిగినంతసేపూ కింద డిజైను పడుతూ ఉంటుంది. ఆ గీయడం, కొట్టడం, కుట్టడం, మూడూ చేసేవాడు మేస్త్రి. యాభై దాటిన మనిషి. కళ్లజోడుకు ఒకవైపు కాడ విరిగితే అక్కడ నూలు దారం కట్టి చెవికి చుట్టుకునేవాడు.

కాగితం కావాలనగానే ఇచ్చాడు. ఇస్తూ ఒక మాట తీసుకున్నాడు.

"ఏం డిజైనేస్తావో నాకు సూపియ్యల్ల టీచరమ్మా."

"డిజైను కాదన్నా, అది నక్షత్రం పోయే దారి."

"ఏదైతేనేం, గళ్ల కాగితం మీద పడితే డిజైనే."

రెండు నెలల తర్వాత నా మొదటి నక్షత్రం దారి పూర్తయింది. మధ్యలో బరువు పెట్టని, ఉత్త దోసకాయ గెలాక్సీ అది. ఆ నక్షత్రం ఒక చివర నుంచి బయల్దేరి, మధ్య పక్క నుంచి జారి, రెండో చివరకు పోయి, అక్కణ్నుంచి కొంచెం పక్కగా వెనక్కి వస్తూ, అలా పోతూ వస్తూ ఒక పెద్ద రిబ్బను ముడి ఆకారాన్ని సన్నని గీతల వలతో నింపింది. నేను చూసి నేనే మురిసిపోయాను. అన్న మాట ప్రకారం చుట్టచుట్టి మేస్త్రి ఇంటికి తీసుకుపోయాను.

ఆయన కాగితాన్ని నేల మీద పరిచి, చుట్టూ రెండుసార్లు తిరిగి చూశాడు. తర్వాత నడిమికి సరిగ్గా మడిచి, గుమ్మంలో నిలబడి ఎండకు ఎత్తి పట్టాడు.

"ఈడ తప్పినాది" అన్నాడు.

"ఏం తప్పినాది?"

"ఈ పక్క అంచు ఆ పక్క అంచు మీద కూర్సోలేదు. సూడు. ఈ మూల కాణ్నుంచి పక్కకు పోయింది. పోగు తప్పితే ఇట్లనే అయితాది."

నాకు ఎక్కడలేని రోషం వచ్చింది. ఎమ్మెస్సీలో నాది ఫస్టు క్లాసు. "నక్షత్రాలకు పోగులుండవన్నా, అదట్లనే పోతాది" అని కాగితం లాక్కున్నంత పనిచేసి ఇంటికి వచ్చాను. వచ్చి తలుపేసుకుని, ఆ మూల చుక్క దగ్గర లెక్క తీశాను. పక్కకు తోసే బలంలో రెండు భాగాలుంటాయి. ఒకదానికి కూడిక గుర్తు, రెండోదానికి తీసివేత. ఆ చుక్క దగ్గర రెండిటికీ కూడిక వేశాను. ఆ చుక్క పెట్టిన రోజు మా చిన్నాడపడుచు పెళ్లిచూపులు. పెసరట్ల మధ్య లెక్క చేశాను. అక్కణ్నుంచి తర్వాతి ఐదు ఆదివారాల పని మొత్తం దండగ.

మర్నాడు పోయి చెప్పాను. నన్ను ఎగతాళి చేస్తాడనుకున్నాను. "మాకూ అయితాది" అన్నాడంతే. ఆయన భార్య మాత్రం నాకు మజ్జిగ ఇస్తూ, "ఈయప్ప కండ్లకు తప్పు తప్ప ఇంకేం కనపడదమ్మా. మా పెండ్లినాడు నా చీర అంచే చూసినాడు, నా ముఖం చూల్యా" అంది.

దిద్దిన కాగితాన్ని మేస్త్రి మళ్లీ మడిచి ఎండకు పట్టాడు. ఈసారి అంచులు కూర్చున్నాయి. ఆయన చాలాసేపు కిందికి దించలేదు.

"దీన్ని దుప్పటికి ఏస్తా" అన్నాడు.

వేశాడు. ముదురు నీలం మీద తెల్ల గీతలు. నా థీసిస్ రెండో అధ్యాయం ప్రొఫెసరు గారు చదవకముందే మగ్గమెక్కింది. మాకు ఒకటి పంపాడు. అత్తమ్మ దాన్ని చుట్టాలకని దాచింది. ఆదోని నుంచి మా అమ్మావాళ్లు వచ్చినా, బెళగల్ నుంచి మా ఆడపడుచు వచ్చినా నా రెండో అధ్యాయం మీదే పడుకునేవాళ్లు. నిద్ర బాగా పట్టిందని అందరూ చెప్పారు. తర్వాత ఆ అధ్యాయం చదివిన ప్రొఫెసర్లు కూడా బహుశా అదే అనుకుని ఉంటారు.

ఇక మధ్యలో బరువు పెట్టాల్సిన రోజు వచ్చింది.

అదే గెలాక్సీ, అదే నక్షత్రం, అదే చోటు నుంచి బయల్దేరింది. మొదటి రెండు మూడు సార్లు బుద్ధిగానే పోయి వచ్చింది. నాలుగోసారి మధ్యకు బాగా దగ్గరగా పోయింది. అక్కడ ఆ బరువు దాన్ని చటుక్కున లాగి, గిరుక్కున తిప్పి, ఇంకెటో విసిరేసింది. ఆ తర్వాత దానికి వరస లేదు. ఒకసారి కిందికి, ఒకసారి పైకి, ఒకసారి ఎదురు దిక్కుకు. కాగితం మీద పిల్లి దారపు ఉండతో ఆడుకున్నట్టు ఉంది.

మేస్త్రి దాన్ని మడవను కూడా మడవలేదు.

"తప్పు" అన్నాడు.

ఈసారి నేను రోషపడలేదు. తలూపి తెచ్చుకున్నాను. నా డిగ్రీ మీద నాకున్న నమ్మకం కంటే ఆయన కంటి మీద నమ్మకం ఎక్కువైపోయింది. ఆ ఎండాకాలం సెలవులన్నీ తప్పు వెతకడంతోనే సరిపోయాయి. మధ్యకు దగ్గరైనప్పుడు అడుగులు మరీ చిన్నవి చేసి, మొత్తం మళ్లీ కట్టాను. ఇలాంటి లెక్కలో సరిచూసుకోవడానికి ఒక అంకె ఉంటుంది. నక్షత్రం ఎటు పోయినా, ఎంత గంతులేసినా, దాని వేగాన్నీ అది ఉన్న చోటునూ కలిపి కట్టే ఆ అంకె మారకూడదు. మారిందంటే మన లెక్క తప్పు. నేను ప్రతి పది చుక్కలకూ ఆ అంకె చూశాను. కదలలేదు. దారి మాత్రం మళ్లీ పిల్లి ఆటే.

నేను తలపట్టుకుని కూర్చుంటే అత్తమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"ఆ మధ్యలో ఉండేది కంటికి కనపడదంటివి గదా?"

"కనపడదత్తమ్మా."

"మరి ఉందని ఎట్ల తెలిసేది?"

"చుట్టూ తిరిగేవి ఎట్ల తిరుగుతాండాయో చూసి."

అత్తమ్మ కాగితం మీదికి వంగి చూసింది.

"మా అత్త అట్లనే ఉండె. గదిలోంచి బయటికొచ్చేది కాదు. నేను కాపురానికొచ్చినంక ఆర్నెల్లు ఆమె ముఖమే చూల్యా. అయినా ఇంట్లో ఎవరు యాడికి పోయినా ఆ గది ముందర అడుగు తడబడేది. దగ్గరికి పోయినోళ్లు ఏడ్చుకుంటా యాడికో పోయేవాళ్లు" అంది. కాగితాన్ని వేలితో చూపించి, "నీ చుక్క తప్పేం ల్యా" అని లేచి పోయింది.

నవ్వాను కానీ, ఆమె మాటతో కొంచెం ధైర్యం వచ్చింది. మేస్త్రి దగ్గరికి పోయి, తప్పు లేదని, అది అలాగే పోతుందని చెప్పాను.

ఆయనకు నిజంగా కష్టమేసింది. "వరస లేందే డిజైన్ ఎట్లయితాదమ్మా? తిరిగి తిరిగి మొదటికి రావల్ల గదా. ఇది మొదటికే రాకపోతే నేను ఎన్ని అట్టలు కొట్టల్ల? సచ్చేదాకా కొట్టల్ల."

"అదే కదన్నా. అది మొదటికి రాదు."

"అట్లాంటిది మగ్గమెక్కదు."

"మగ్గమెక్కడానికి పుట్టలేదన్నా అది."

"పుట్టిందేదైనా ఒక వరసలో ఉండల్ల" అన్నాడు ఆయన. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, ఇంకో మాట అన్నాడు. "ఊరికే దాన్ని మధ్యకే ఎందుకు తోస్తావు? పక్కకు తోసి చూడు. గానుగెద్దు మాదిరి దూరంగా తిరగనీ. ఆ నడిమి దయ్యాన్ని తాకకుండా పోతాది గదా."

ఆయన నా నక్షత్రాన్ని బతికించాలని చూశాడు తప్ప నా పరిశోధనకు సలహా ఇవ్వాలని కాదు. కానీ మర్నాడు కాలేజీ నుంచి వస్తూ బస్సులో కూర్చుని, నిజమే, మధ్యకు దూరిపోయేవాటినే చూస్తున్నాను కానీ చుట్టూ తిరిగేవాటిని వదిలి చూడలేదని అనిపించింది. బయల్దేరేటప్పుడే పక్కకు గట్టిగా తోసి ఒక నక్షత్రాన్ని వదిలాను. అది మధ్య జోలికి పోకుండా చుట్టూ తిరుగుతూ, కంకణంలాంటి ఆకారాన్ని నింపుకుంటూ పోయింది. మధ్యలో బరువు ఉన్నా లేకున్నా దానికి పెద్ద తేడా లేదు. మడిచి ఎండకు పడితే అంచులు కూర్చున్నాయి. అదే నా మూడో అధ్యాయం. ఎంత పక్కకు తోస్తే బతికిపోతుంది, ఎంత తక్కువ తోస్తే వరస చెడుతుంది, ఆ హద్దు ఎక్కడుంది అన్నదే చివరికి నా థీసిస్ అయింది.

ప్రొఫెసరు గారికి నా కాగితాలు చూపించాను. ఆయన చాలా పెద్ద ప్రసంగం చేశారు. "బాగుంది. కంప్యూటరు మీద పెట్టు" అన్నారు.

యూనివర్సిటీ కంప్యూటరు ఒక పెద్ద చల్లటి గదిలో ఉండేది. మనల్ని లోపలికి రానిచ్చేవాళ్లు కారు. ప్రోగ్రాములో ఒక్కో వాక్యాన్ని ఒక్కో అట్ట కార్డు మీద, మిషనుతో రంధ్రాలు కొట్టి, కార్డులన్నీ పెట్టెలో పెట్టి, చిన్న కిటికీలోంచి ఆపరేటరుకు ఇవ్వాలి. మర్నాడు అదే కిటికీలోంచి జవాబు వస్తుంది. నాకు వరుసగా మూడు రోజులూ 'తప్పు' అన్న జవాబే వచ్చింది. ఎక్కడ తప్పో తెలియలేదు. సెలవు అయిపోయింది. ఇంటి దగ్గర తీరికగా ఒక్కో కార్డూ సరిచూసుకుందామని మూడు వందల చిల్లర కార్డులున్న పెట్టెను ఒడిలో పెట్టుకుని రైల్లో ఆదోనికి, బస్సులో ఎమ్మిగనూరుకు తెచ్చాను. తెచ్చి ముందుగదిలో బల్ల మీద పెట్టాను. ఇంతలో పరీక్ష పేపర్లు దిద్దడానికి కర్నూలు రమ్మన్నారు. నాలుగు రోజులు పోయాను.

తిరిగొచ్చేసరికి బల్ల మీద పెట్టె లేదు. కుర్చీలో ఏదో మడతలు మడతలుగా పెట్టి ఉంది. పక్కనే మేస్త్రి కూర్చుని అత్తమ్మ ఇచ్చిన కాఫీ తాగుతున్నాడు. నన్ను చూడగానే ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఏమ్మా, నీవు కూడా అట్టలు కొడ్తాండావని ఒక్క మాట సెప్పింటే కాదా! నేనెప్పుడో వచ్చేటోన్ని."

నాకు ఇంకా అర్థం కాలేదు.

"అన్నీ విడివిడిగా పెట్టినావు. ఫ్యాను గాలికి నాలుగు కింద పడినాయంట, మీ అత్తమ్మ భయపడి పిలిపించినాది. ఇంక ఏం భయం ల్యా. వరస తప్పమన్నా తప్పదు."

కుర్చీలోని మడతలు నా ప్రోగ్రాము. ప్రతి కార్డుకూ రెండు కొసల్లో రెండేసి కొత్త రంధ్రాలు కొట్టి, మంచి పురి నూలు తాడుతో, ఒకదాని పక్కన ఒకటి మూడు వందల చిల్లర కార్డులూ కుట్టేశాడు. ఎక్కడా ఒక్క ముడి వదులుగా లేదు. చివరి కార్డును మొదటి కార్డుకు కలిపి కుట్టాడు.

నేను నేల మీద కూర్చుండిపోయాను. ఏడుపు వచ్చింది.

"సూసినావా, సంతోషంతో ఏడుస్తాంది" అంది అత్తమ్మ. "ఏడ్వద్దులేమ్మా. పాపం ఆయప్ప రెండు దినాలు తన పని ఇడ్సిపెట్టి కుట్టినాడు."

 అది దండగా కుట్టాల్సింది కాదని ఆయనకు ఎలా చెప్పను? మా ఆయన వచ్చి, దండను కాస్త ఎత్తి చూసి, పరిస్థితి అర్థం చేసుకుని, "మాలాకల్పం. అంటే దండలాంటిది" అన్నారు. ఆయన్ని నేను చూసిన చూపుకు లోపలికి వెళ్లిపోయారు. మేస్త్రికి నేను "చాలా బాగా కుట్టినావన్నా" అని మాత్రం చెప్పాను. అది అబద్ధం కాదు.

వేరే దారి లేక దాన్ని అలాగే గోనెసంచిలో పెట్టుకుని యూనివర్సిటీకి మోసుకెళ్లాను. తాడు కోసి విడదీసినా ఆ కొత్త రంధ్రాలు పోవు కదా, మిషను వాటిని కూడా అక్షరాలుగానే చదువుతుంది. కిటికీ దగ్గర ఆపరేటరు, రోజూ ఒక్క మాట మాట్లాడని మనిషి, సంచిలోంచి ఒక కొస లాగాడు. లాగుతూనే ఉన్నాడు. మెడలో వేసుకునే దండలా చేతికి చుట్టుకుంటూ వెనక్కి వెనక్కి నడుస్తూ గది రెండో చివరకు పోయాడు.

"మేడం, దీనికి మొదలెక్కడ?" అన్నాడు.

"తెలియదండీ."

"ఇది మిషనులో పెడితే ప్రోగ్రాము ఎప్పటికీ ఆగదు" అన్నాడు. ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. లోపలున్న వాళ్లందరూ వచ్చారు. ఎవరో వెళ్లి ప్రొఫెసరు గారిని పిలుచుకొచ్చారు. ఆయన కళ్లజోడు పైకి జరుపుకుని కుట్టు చూశారు. ఒక ముడిని గోటితో లాగి చూశారు.

"ఎవరు కుట్టారు?"

చెప్పాను. దుప్పటి సంగతీ, మడిచి ఎండకు పట్టడం సంగతీ, దూరంగా తిప్పమన్న సంగతీ అన్నీ చెప్పేశాను. ఎటూ పరువు పోయింది కదా అని.

"ఆయన్ని నాకు విద్యార్థిగా పంపు" అన్నారు. అంతే.

కార్డులన్నీ మొదటి నుంచీ మళ్లీ కొట్టాల్సి వచ్చింది. దండ నుంచి ఒక్కో కార్డూ చూస్తూ వరసగా కొడుతుంటే, నూట చిల్లర దగ్గర రెండు కార్డులు తారుమారై ఉన్నాయని కనిపించింది. మేస్త్రి చేసిన తారుమారు కాదు. పెట్టెలో నేను పెట్టుకున్న వరసే అంత. విడిగా ఒక్కోటి చేతిలోకి తీసుకుని చూసినన్నాళ్లూ ప్రతి కార్డూ సరిగ్గానే ఉండేది. వాటిని సరైన వరసలో పెట్టి ఇచ్చాను. మర్నాడు కిటికీలోంచి 'తప్పు' రాలేదు. నా చేతి లెక్కకు ఐదేళ్లు పట్టే దూరం నక్షత్రాన్ని నడిపించి, దాని దారిని నక్షత్రపు గుర్తులతో అచ్చువేసి, తలుపంత కాగితం ఇచ్చాడు ఆపరేటరు. మర్యాదగా నిలబడి ఇచ్చాడు.

దాన్ని తీసుకుని బస్సు దిగి నేరుగా మేస్త్రి ఇంటికే పోయాను. వరస లేని నక్షత్రం అది. అంత దూరం నడిచేసరికి దానికి వీలైనంత చోటంతా గుర్తులతో నల్లబడిపోయింది. మేస్త్రి కాగితాన్ని మడిచి గుమ్మంలో ఎండకు ఎత్తాడు. 

"అంచు కూర్సుంది" అన్నాడు మెల్లగా. మళ్లీ తిప్పి చూశాడు. "లోపల వరస ల్యా. అంచు మాత్రం కూర్సుంది."

ఆ మారని అంకె గీసిన కంచె అది. నక్షత్రం లోపల ఎంత పిచ్చిగా తిరిగినా ఆ కంచె దాటి పోలేదు. చెప్పాను. ఆయన తలూపాడు.

"ఇంత సేపు తిరగనిస్తే అంచుకొచ్చింది. నేనే తొందరపడి తప్పన్నా" అన్నాడు. ఆయన నోట 'నా తప్పు' అన్న అర్థం వచ్చే మాట వినడం అదే మొదటిసారి అని లోపల్నుంచి ఆయన భార్య గట్టిగా అంది.

మౌఖిక పరీక్షకు బయటి ఊరి నుంచి ఒక పెద్ద ప్రొఫెసరు వచ్చారు. ఆ వరస లేని దారి లెక్కలో దొర్లిన తప్పు కాదని ఎలా నమ్మావని అడిగారు. మారని అంకె గురించి చెప్పాను. ఇంకేమైనా సరిచూశావా అన్నారు. మా ప్రొఫెసరు గారు కిటికీ బయటికి చూస్తూ, "మడత గురించి చెప్పు" అన్నారు. చెప్పాను. ఆ పెద్దాయన నా థీసిస్ లోని బొమ్మను నడిమికి మడిచారు. అక్కడ ఎండ లేదు. లేచి నిలబడి ట్యూబులైటుకు ఎత్తి పట్టారు. సరిగ్గా కనపడక కుర్చీ ఎక్కారు. ఆయన పడిపోతారేమోనని పరీక్షకు కూర్చున్న మిగతా ఇద్దరు ప్రొఫెసర్లూ చెరో పక్కన కుర్చీ పట్టుకున్నారు. నాకు డిగ్రీ వచ్చిన సమయంలో ఆ గదిలో పరిస్థితి అది.

ఊరికి రాగానే మేస్త్రికి చెప్పాను. ఆయన అప్పుడు వాకిట్లో కూర్చుని అట్టలు కొడుతున్నాడు. సంతోషించాడు. భార్యను పిలిచి చక్కెర తెప్పించి నా చేతిలో పోశాడు. తర్వాత సుత్తి పక్కన పెట్టి, ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగని ప్రశ్న ఒకటి అడిగాడు.

"అమ్మా, మన సూర్యుడు కూడా చుక్కే గదా?"

"చుక్కే అన్నా."

"వాడు ఏ రకం? మధ్యకు పోయే రకమా, పక్కన తిరిగే రకమా?"

"పక్కన తిరిగే రకమన్నా. మధ్యకు చాలా దూరంగా తిరుగుతాడు."

ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. "ఒసేయ్, మనకేం భయం ల్యా అంట" అని లోపలికి కేకేసి చెప్పి, సుత్తి తీసుకుని మళ్లీ పనిలో పడ్డాడు.